పెరడు లేని ఇల్లు: ఓడలలో స్నానాల గది చరిత్ర

తెలుగులో మరుగుదొడ్డి అనే మాట ఉన్నది. ఆ మాటలోనే దాని లక్షణమంతా ఇమిడి ఉన్నది. మరుగు అంటే చాటు. దొడ్డి అంటే ఇంటి వెనుక ఆవరణ. పరుల కంట పడకుండా ఉండటం ఒకటి, పడకకూ వంటకూ దూరంగా ఉండటం రెండవది. నేలమీద ఇల్లు కట్టుకొన్నవారికి ఈ రెండూ పెద్ద కష్టం లేకుండానే సమకూడుతవి. పెరటిలో ఒక మూల నాలుగు తడికలు కట్టి, కాగుతో నీళ్ళు పెట్టుకొంటే స్నానాల గది తయారవుతుంది.

ఓడ కూడా ఒక ఇల్లే. అందులో వందలమంది, వేలమంది రోజులతరబడి, ఒక్కొక్కప్పుడు నెలలతరబడి తింటారు, నిద్రిస్తారు, జబ్బుపడతారు, కోలుకొంటారు. కాని ఆ ఇంటికి పెరడు లేదు. చుట్టూ ఎటు చూసినా నీరే అయినా, తాగటానికీ సబ్బు రుద్దుకోవటానికీ పనికివచ్చే నీరు బహు తక్కువ. ఇట్టి చోట మనిషికి కాస్త మరుగు ఎట్లా కల్పించాలి అనే ప్రశ్న నౌకా నిర్మాతలను శతాబ్దాలుగా వేధించింది. వారు కనుగొన్న సమాధానాలలో గాలి దిశ, నీటి ఒత్తిడి, గొట్టాల వాలు వంటి శాస్త్ర విషయాలు ఉన్నవి. ఎవరికి తలుపు దక్కింది, ఎవరికి దక్కలేదు అనే మానవ చరిత్ర కూడా ఉన్నది. ఈ రెండింటినీ విడదీసి చెప్పటం సాధ్యం కాదు.

అణియం, అమరం

తెలుగు పల్లెకారులు ఓడ ముందు కొనను అణియమనీ, వెనుక కొనను అమరమనీ అంటారు. పూర్వపు తెరచాప ఓడలలో ఈ రెండు కొనల మధ్య తేడా దిక్కుల తేడా మాత్రమే కాదు, హోదాల తేడా కూడా. అధికారులు అమరంలో నివసించేవారు. సామాన్య నావికులకు ముందుభాగం. మరుగుదొడ్లు కూడా ఈ పద్ధతిలోనే విడిపోయినవి.

నావికుల మరుగుదొడ్డి అణియంలో, సముద్రం మీదికి పొడుచుకొని వచ్చిన కొయ్య జాలీ మీద ఉండేది. రంధ్రం చేసిన చెక్క ఆసనం, దాని క్రింద సముద్రం, అంతే. ఆంగ్ల నావికులు నేటికీ ఓడలోని మరుగుదొడ్డిని ‘హెడ్’ అనే పిలవటానికి కారణం ఇదే. హెడ్ అంటే తల. ఇక్కడ ఓడ తల అని అర్థం.

ఇంత అపాయకరమైన చోటును ఎందుకు ఎన్నుకొన్నారు? ఇందుకు కారణం గాలి. చదరపు తెరచాపలు కట్టిన ఓడ ఎక్కువగా వెనుకనుంచిగాని, వెనుక ప్రక్కనుంచిగాని వీచే గాలితో నడుస్తుంది. అప్పుడు ఓడ గాలికంటె మెల్లగా కదులుతుంది కనుక, దానిపై నిలుచున్నవారికి గాలి అమరంనుంచి అణియం వైపు వీస్తూనే ఉంటుంది. అణియంలో పుట్టిన దుర్వాసన ఓడ మీదికి రాక ముందుకే కొట్టుకొని పోతుంది. పైగా అలలు ఎగసిపడి ఆ భాగాన్ని ఎప్పటికప్పుడు కడిగివేస్తవి. పెరడు లేని ఇంటికి గాలి, అలలు కలిసి ఒక పెరడును కల్పించినవన్నమాట.

దూరం దొరికింది గాని మరుగు దొరకలేదు. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగిపోయింది. 1961లో దానిని పైకి తీశారు. నిండుగా ఎక్కితే నాలుగు వందలమందికి పైగా ఉండవలసిన ఆ ఓడ అణియంలో కనబడినవి రెండు ఆసనాలే. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న బ్రిటిష్ నౌక విక్టరీలో సుమారు 820 మంది ఉండేవారు. వారికోసం అణియంలో ఉన్న ఆసనాలను వేళ్ళమీద లెక్కించవచ్చును. అదే ఓడ అమరంలో మాత్రం, రెండు ప్రక్కలా గూడువలె బయటికి పొడుచుకొని వచ్చిన చిన్న గదులుండేవి. వాటికి గాజు కిటికీలు, తలుపులు ఉండేవి. అవి కెప్టెనుకూ పై అధికారులకూ ప్రత్యేకమైనవి. ఓడలో మొట్టమొదటి తలుపు వారికే దక్కింది.

చట్టం చెప్పిన లెక్క

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపానుంచి లక్షలాది పేద కుటుంబాలు అమెరికాకూ ఆస్ట్రేలియాకూ వలసపోయినవి. వారు యుద్ధనౌకలోని నావికులవంటివారు కాదు. వారిలో స్త్రీలు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్నారు. పై అంతస్తుకూ సరుకులగదికీ మధ్య, తక్కువ ఎత్తుగల ఒక అంతస్తులో, ఒకదానిపై ఒకటిగా అమర్చిన చెక్క బల్లలపై వారు పడుకొనేవారు. మరుగుదొడ్లు పైన, బయట ఉండేవి. తుఫాను వచ్చినపుడు నీరు లోపలికి రాకుండా పై ద్వారాలు మూసివేసేవారు. అప్పుడు క్రింద ఉన్నవారికి బాల్చీలే గతి. చీకటి, వాంతులు, దుర్గంధం, చుట్టూ పరాయివారు! ఆ స్థితిలో ఒక స్త్రీ ఎంత బాధపడి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

బ్రిటిష్ పార్లమెంటు 1855లో చేసిన ప్రయాణికుల చట్టం ఈ విషయాన్ని అంకెలలోకి దించింది. ఓడలో కనీసం రెండు మరుగుదొడ్లు ఉండాలి. ప్రతి వందమంది ప్రయాణికులకూ మరి రెండు చేర్చాలి. ఏబదిమంది స్త్రీలు ఉన్న ఓడలో, స్త్రీలకూ చిన్నపిల్లలకూ మాత్రమే ప్రత్యేకించి కనీసం రెండు ఉండాలి. భార్య వెంట లేని మగవారికి ఓడ ముందుభాగంలో వేరే గది కట్టాలి. మరుగు అనేది దయాదాక్షిణ్యాల విషయం కాదు, ప్రయాణికుని హక్కు అనే భావన ఈ నిబంధనలలో మొలక దశలో కనబడుతుంది.

ఆవిరి వచ్చింది, గాలి తిరిగింది

ఆవిరి యంత్రంతో ఓడ గాలిమీద ఆధారపడటం మానివేసింది. దానితో పాత లెక్క తారుమారయింది. ఓడ గంటకు 15 మైళ్ళ వేగంతో పోతున్నదనుకొందాం. వెనుకనుంచి గంటకు 10 మైళ్ళ వేగంతో గాలి వీస్తున్నా, ఓడమీద ఉన్నవారికి గంటకు 5 మైళ్ళ ఎదురుగాలి తగులుతుంది. అంటే అణియంలో పుట్టిన వాసన ఇప్పుడు ఓడ అంతటా వ్యాపిస్తుంది. గాలి కల్పించిన పెరడు పోయింది. ఇక గోడలు, గొట్టాలు, పంపులు ఆ పని చేయవలసివచ్చింది.

ఇవన్నీ ఒక్కసారిగా రాలేదు. కునార్డ్ కంపెనీవారి బ్రిటానియా అనే ఆవిరి ఓడ 1840లో ప్రయాణాలు ప్రారంభించింది. పొడవు 207 అడుగులు. 115 మంది ప్రయాణికులకు చోటు. 1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ భార్యతో కలిసి ఈ ఓడలోనే అమెరికా వెళ్ళాడు. తనకిచ్చిన గది ఎంత చిన్నదో చూచి నిర్ఘాంతపోయి, తన ప్రయాణ గ్రంథంలో దానిని హాస్యంగా వర్ణించాడు. ఆ కాలపు కాబిన్‌లో రెండు పడకలు, ముఖం కడుగుకొనే పళ్ళెం, నీళ్ళకూజా ఉండేవి. రాత్రివేళ అవసరానికి ఒక పాత్ర ఉంచేవారు. తెల్లవారి పనివాడు వచ్చి దానిని తీసుకొనిపోయేవాడు. తలుపు ఉన్నది గాని, దాని వెనుక గొట్టం ఇంకా రాలేదు. 1871లో వైట్ స్టార్ కంపెనీవారి ఓషియానిక్ కొన్ని గదులకు కుళాయి నీటినీ, పనివారిని పిలిచే విద్యుత్ గంటనూ తెచ్చినపుడు అది పెద్ద విశేషమయింది.

1912 నాటి టైటానిక్ వైభవం లోకప్రసిద్ధం. అయినా అందులోని మొదటి తరగతి గదులలో కూడా ఎక్కువ వాటికి సొంత స్నానాల గదులు లేవు. కొద్దిపాటి విలాస గదులకే ఆ భోగం. మిగిలినవారు ఉమ్మడి స్నానాల గదిని చూచుకొనే పనివానితో వేళ నిర్ణయించుకొని, ఆ వేళకు వెళ్ళి స్నానం చేయాలి. మూడవ తరగతిలో ప్రయాణించిన సుమారు 700 మందికి స్నానపు తొట్లు రెండే: పురుషులకొకటి, స్త్రీలకొకటి.

ఆ కాలంలో తొట్టి స్నానానికి సాధారణంగా వాడినది సముద్రపు నీరు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని జిడ్డు తెట్టు కడుతవి, నురుగు రాదు. కొబ్బరినూనెతో చేసిన సబ్బు మాత్రం ఉప్పునీటిలో కూడా కొంత నురుగునిస్తుంది. అందుకే నావికుల సబ్బును కొబ్బరినూనెతో చేసేవారు. 1936లో వచ్చిన క్వీన్ మేరీ ఓడలో మొదటి తరగతి తొట్లకు నాలుగు కుళాయిలుండేవి: మంచినీరు వేడిది, చల్లనిది, ఉప్పునీరు వేడిది, చల్లనిది.

రంగూన్ దారిలో రెండు ఓడలు

లివర్‌పూల్‌కూ రంగూన్‌కూ మధ్య నడిచిన బిబ్బీ కంపెనీ ఓడలు గదుల అమరికలో ఒక కొత్త ఉపాయానికి పేరుపొందినవి. ఓడ ప్రక్కను ఆనుకొన్న గదికి కిటికీ ఉంటుంది. లోపలి గదికి ఉండదు. ఉష్ణదేశపు సముద్రంలో కిటికీ లేని గది కుంపటివలె ఉంటుంది. కనుక లోపలి గదికి సన్నని సందువంటి భాగాన్ని చేర్చి, దానిని ఓడ ప్రక్కవరకు పొడిగించి, చివర ఒక కిటికీ పెట్టారు. గది ఆకారం వంకరగా మారిందిగాని, ప్రతి ప్రయాణికునికీ తన సొంతమైన గాలి, వెలుతురు, తలుపు దక్కినవి.

అదే రంగూన్‌కు అదే కాలంలో కాకినాడ, విశాఖపట్టణం, భీమునిపట్టణం రేవులనుంచి వేలాది తెలుగువారు పోయేవారు. బియ్యపు మిల్లులలో, రేవులో కూలిపనికి వెళ్ళినవారే వారిలో ఎక్కువమంది. వారిది డెక్కు ప్రయాణం. డెక్కు ప్రయాణికునికి గది లేదు, పడక లేదు. చాప పరచుకొన్నంతమేర నేలే అతని కాబిన్. గోడ లేదు కనుక పెట్టెలూ మూటలూ అడ్డం పెట్టుకోవటమే మరుగు.

మద్రాసు, సింగపూర్ల మధ్య నడిచిన రాజులా అనే ఓడ 1926లో తయారయింది. ఐదువేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనటానికి దానికి అనుమతి ఉండేది. 1973 వరకు అది ఆ పేరుతోనే పనిచేసింది. బంగాళాఖాతంలో ఒక ఓడలో ఒక్క కిటికీ కోసం గది ఆకారమే మారింది. మరొక ఓడలో వేలమందికి గది అనేదే లేదు. ఇంజనీర్లకు ఉపాయం తెలియకపోవటం దీనికి కారణం కాదు. టిక్కెట్టు ధరే కారణం.

గొట్టాల చిక్కు

ప్రతి గదికీ ఒక స్నానాల గది ఇవ్వటానికి ఇంత ఆలస్యం ఎందుకయింది? ధర ఒక కారణమైతే, గొట్టం రెండవ కారణం. నేలమీది ఇంట్లో మురుగు గొట్టాన్ని కొద్దిగా వాల్చితే చాలు. ఏబది అడుగుల పొడవుకు ఒక అడుగు వాలు ఉన్నదనుకొందాం. కోణంలో అది సుమారు 1.15 డిగ్రీలు. అటూ ఇటూ ఊగే ఓడ ఒక ప్రక్కకు రెండు డిగ్రీలు ఒరిగితే చాలు, ఆ వాలు తలక్రిందులై మురుగు వెనుకకు నడుస్తుంది. కనుక గొట్టాలను ఎక్కువగా నిలువునే దింపాలి. అడ్డంగా పోయే దూరం తగ్గించాలి.

నీటిమట్టానికి దిగువన మరొక చిక్కు. ప్రతి 10 మీటర్ల లోతుకూ సముద్రపు ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అక్కడ కవాటం సరిగా మూతపడకపోతే మురుగు బయటికి పోవటానికి బదులు సముద్రమే లోపలికి వస్తుంది. 1945 ఏప్రిల్‌లో యు-1206 అనే జర్మన్ జలాంతర్గామి, లోతులో ఉండగా మరుగుదొడ్డి కవాటం గుండా నీరు చొరబడటంవల్లనే పైకి తేలవలసివచ్చి, చివరకు స్కాట్లండ్ తీరంలో నష్టమయింది.

వాలు చిక్కును తీర్చినది శూన్యపీడన పద్ధతి. స్వీడన్ ఇంజనీరు జోయెల్ లిల్యెందాల్ 1950ల దశాబ్దంలో దీనిని రూపొందించాడు. గొట్టంలోని గాలిని పంపుతో తీసివేస్తే, మీట నొక్కినపుడు బయటి గాలే మురుగును తోసుకొని పోతుంది. ఒక్కసారికి ఇంచుమించు ఒక లీటరు నీరు సరిపోతుంది. గొట్టం సన్ననిదైనా చాలు. కొంత దూరం పైకి ఎక్కినా ఫరవాలేదు. ఓడ ఒరిగినా పని ఆగదు. తరువాతి దశాబ్దాలలో ఈ పద్ధతి ప్రయాణికుల ఓడలలో వ్యాపించింది.

తరగతుల తేడా కూడా మెల్లగా కరిగింది. 1961లో వచ్చిన కాన్‌బెరా ఓడలో టూరిస్టు తరగతివారిలో చాలామంది ఇంకా ఉమ్మడి స్నానాల గదులకే నడచిపోయేవారు. 1969లో ప్రయాణాలు మొదలుపెట్టిన క్వీన్ ఎలిజబెత్-2లో ప్రతి కాబిన్‌కూ సొంత స్నానాల గది అమరింది. ఆపైన విహార నౌకలలో ఇదే ఆచారమయింది.

గాజు గోడ ప్రయోగం

నేటి విహార నౌకలలో స్నానాల గదిని ముందుగానే కర్మాగారంలో ఒక పెట్టెవలె తయారుచేసి, ఓడలోకి చేర్చి, గొట్టాలు కలుపుతారు. సాధారణంగా ఇది కాబిన్ తలుపు ప్రక్కనే, నడవా వైపు ఉంటుంది. కారణం తేలికగా గ్రహించవచ్చును. సముద్రం వైపు కిటికీకి కావాలి. నిలువు గొట్టాలకు దారి నడవా వైపు దొరుకుతుంది. మరమ్మతు చేయవలసివస్తే పనివాడు ప్రయాణికుని గదిలోకి రానవసరం లేకుండా నడవానుంచే గొట్టాలను అందుకోవచ్చును. స్నానాల గది తలుపు దగ్గర ఎత్తయిన గడప ఉంటుంది. అది అలంకారం కాదు. ఓడ ఊగినపుడు నేలమీది నీరు పడకగదిలోకి రాకుండా ఆపుతుంది.

2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడ ఈ ఆచారాన్ని మార్చి చూచింది. సుమారు 4,100 మందికి చోటున్న ఆ ఓడలోని అనేక కాబిన్‌లలో స్నానాల గదిని ముక్కలుగా విడదీశారు. తలుపు తీసి లోపలికి రాగానే ఒక ప్రక్క మరుగుదొడ్డి, ఎదురుప్రక్క జల్లు స్నానపు గది; చేతులు కడుగుకొనే పళ్ళెం పడక దగ్గర. మరుగుదొడ్డికీ జల్లు గదికీ గట్టి గోడలకు బదులు మసక గాజు తలుపులు. వాటికీ పడకగదికీ మధ్య ఒక తెర. గోడలను వంపులు తిప్పి చోటు కలిసివచ్చేటట్లు చేశారు. ఒకరు స్నానం చేస్తుండగా మరొకరు ముఖం కడుగుకోవచ్చునని, గది విశాలంగా కనబడుతుందని నిర్మాతల ఊహ.

కాగితంమీద ఇది తెలివైన లెక్కే. కాని ప్రయాణికులలో చాలామందికి నచ్చలేదు. ఇద్దరు మిత్రులో, తండ్రీ కూతురో ఒకే గదిలో ఉన్నపుడు మసక గాజు వెనుక కదిలే నీడ కూడా సంకోచం కలిగిస్తుంది. మరుగుదొడ్డికీ జల్లు గదికీ మధ్యనున్నది రాకపోకల దారి కనుక, స్నానం ముగించి బయటికి వచ్చినవారు కాబిన్ తలుపు ఎదుటే నిలబడవలసివస్తుంది. గాజు చూపును కొంత ఆపుతుంది. శబ్దాన్ని, వాసనను ఆపటం గోడతో సమానంగా దానికి చేతకాదు. మూడేండ్ల తరువాత, 2013లో అదే కంపెనీ తెచ్చిన నార్వీజియన్ బ్రేక్‌అవే ఓడలో నాలుగు గోడలు, ఒక తలుపు ఉన్న పాత పద్ధతి స్నానాల గదులు తిరిగి వచ్చినవి.

ఈ ప్రయోగాన్ని చూచి నవ్వనక్కరలేదు. ప్రతి అంగుళమూ విలువైన చోట కొత్త అమరికలు ప్రయత్నించటం ఇంజనీరు ధర్మం. అయితే స్నానాల గది కొలతలు పొడవు, వెడల్పు, ఎత్తులతో ముగియవని ఆ ప్రయోగం తేల్చింది. లోపల ఉన్నవారికి తాము ఒంటరిగా ఉన్నామనే నమ్మకం కూడా అందులో ఒక కొలతే.

చివరి తలుపు

ప్రయాణికులందరికీ తలుపు దక్కింది. మరి ఓడను నడిపేవారికి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన నౌకా కార్మికుల ఒడంబడిక 2013లో అమలులోకి వచ్చింది. భారతదేశం దానిని 2015లో అంగీకరించింది. సొంత సదుపాయం లేని నావికులలో ప్రతి ఆరుగురికీ కనీసం ఒక మరుగుదొడ్డి, ఒక ముఖం కడిగే పళ్ళెం, ఒక స్నానపు తొట్టి లేదా జల్లు ఉండాలనీ, స్త్రీలకూ పురుషులకూ వేరువేరుగా ఉండాలనీ అది శాసించింది.

వాసా అణియంలో నాలుగు వందలమందికి రెండు ఆసనాలు. నేటి నిబంధనలో ఆరుగురికి ఒకటి. ఈ రెండు అంకెల మధ్య దూరం దాదాపు నాలుగు శతాబ్దాలు. గాలి వాటం తెలిసిన నావికుడు, వలస ఓడలకు చట్టం వ్రాసిన శాసనకర్త, గొట్టంనుంచి గాలిని తీసిన ఇంజనీరు ఆ దూరాన్ని కొంచెం కొంచెంగా తగ్గించారు. తలుపు మాత్రం మొదట కెప్టెనుకూ, ఆ తరువాత ధనవంతునికీ, ఆ తరువాత సామాన్య ప్రయాణికునికీ, అందరికంటె చివర ఓడను నడిపే శ్రామికునికీ దక్కింది.